కాలికి కట్టు ఉంటే విహారయాత్ర మానుకోవాలా?



సెలవులు దగ్గర పడితే చాలు, మా ఓపీలో ఒక ప్రశ్న తప్పకుండా వినబడుతుంది. "సిస్టర్, ఇంటిల్లిపాదీ రామోజీ ఫిల్మ్ సిటీకి పోదామనుకున్నాం. ఈ కాలుతో పోవచ్చా?" అడిగేది బైకు మీద నుంచి పడ్డ యువకుడు కావచ్చు, పొలం గట్టు మీద జారిన అమ్మ కావచ్చు, బడిలో ఆడుతూ కాలు విరగ్గొట్టుకున్న పిల్లవాడు కావచ్చు.

ఈ ప్రశ్నకు ఇంట్లో అప్పటికే రెండు జవాబులు వచ్చి ఉంటాయి. పెద్దవాళ్లు "కాలు విరిగినోళ్లకు యాత్రలెందుకు, ఇంటి కాడ ఉండు" అంటారు. స్నేహితులు "ఏం కాదులే, మేం పట్టుకుంటాం" అంటారు. ఈ రెండు జవాబులూ సరైనవి కావని మా అభిప్రాయం. డాక్టరు గారు ఒప్పుకుని, ఆ రోజును మీ కాలికి తగినట్టు అమర్చుకోగలిగితే వెళ్లండి. అలా అమర్చుకోలేకపోతే తేదీ మార్చుకోండి.

వెళ్లమని ఎందుకంటున్నామో చెబుతాము. పెద్దవారిలో మోకాలి కింది పెద్ద ఎముక విరిగితే అతుక్కోవడానికి మూడు నాలుగు నెలలు, ఒక్కోసారి అంతకన్నా ఎక్కువే పడుతుంది. అన్ని నెలలు నాలుగు గోడల మధ్య ఉన్న మనిషి తిండి మీద మనసు పెట్టడు, వ్యాయామం చేయడు, అయినదానికీ కానిదానికీ విసుక్కుంటాడు. తోటి పిల్లలంతా బస్సెక్కి పోతుంటే గుమ్మంలో కూర్చుని చూసే పిల్లవాడి బాధ ఎక్స్‌రేలో కనబడదు. దానిని కూడా చూడవలసినది మనమే.

ఇక కాలి సంగతి. ముందుగా డాక్టరు గారిని అడగవలసిన మాట ఒకటుంది: "ఈ కాలి మీద బరువు ఎంత మోపవచ్చు?" అసలు మోపకూడదా, కొంచెం మోపవచ్చా, పూర్తిగా మోపవచ్చా అన్నది రాయించుకోండి. నొప్పి లేదు కాబట్టి నడవవచ్చు అనుకోవద్దు. నొప్పి మాత్ర వేసుకుని తిరగడం మరీ ప్రమాదం. మాత్ర నొప్పిని తగ్గిస్తుంది గాని ఎముకను అతికించదు. కొత్తగా కట్టు వేసినా, ఆపరేషన్ అయినా మొదటి రోజుల్లో వాపు ఎక్కువగా ఉంటుంది. అప్పుడు ఏ యాత్రా వద్దు.

రెండవది ప్రయాణం. మన పాలకీడు నుండి నేరేడుచర్ల, మిర్యాలగూడ మీదుగా ఫిల్మ్ సిటీకి పోవడానికి సుమారు మూడు గంటలు, రావడానికి మరో మూడు గంటలు పడుతుంది. కాలు కదలకుండా అంతసేపు కూర్చుంటే పిక్కలోని రక్తనాళాల్లో రక్తం గడ్డకట్టే అవకాశం ఉంది. నాలుగు గంటలు, అంతకు మించి కూర్చుని ప్రయాణిస్తే ఈ ప్రమాదం దాదాపు రెండింతలవుతుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2007లో తెలిపింది. కాలు విరగడం, కట్టు ఉండడం అనేవి ఆ ప్రమాదాన్ని ఇంకా పెంచుతాయి. కాబట్టి గంట గంటన్నరకు ఒకసారి బండి ఆపండి. వేళ్లు, రెండవ కాలి మడమ కదిలిస్తూ ఉండండి. వీలైతే కట్టు ఉన్న కాలిని సీటు మీద దిండు పెట్టి చాపుకోండి.

ఆడవాళ్ల విషయంలో మేము తరచుగా చూసేది మరొకటి ఉంది. కాలికి కట్టు ఉంటే కింద కూర్చునే మరుగుదొడ్డి వాడలేరు. అందుకని ప్రయాణమంతా నీళ్లు తాగరు. ఇది మంచిది కాదు. దారిలో కుర్చీలాంటి మరుగుదొడ్డి ఎక్కడ ఉందో ఇంట్లోవాళ్లు ముందే కనుక్కోవాలి. ఇది సిగ్గుపడే విషయం కాదు.

మూడవది అక్కడ తిరగడం. 1996లో మొదలైన రామోజీ ఫిల్మ్ సిటీ 1,666 ఎకరాల చోటు. ప్రపంచంలోనే పెద్ద సినిమా స్టూడియో సముదాయంగా గిన్నిస్ బుక్కులోకి ఎక్కింది. లోపల బస్సుల్లో తిప్పుతారు గాని, దిగిన ప్రతిచోటా నడక, మెట్లు ఉంటాయి. అన్నీ చూడాలన్న ఆశ వదిలి రెండు మూడు చోట్లు ఎంచుకోండి. మెట్లు తప్పనిసరైతే ఎక్కేటప్పుడు మంచి కాలు ముందు, దిగేటప్పుడు దెబ్బ తగిలిన కాలు ముందు. చంక కర్రల మీద వాలిపోకండి. బరువు అరచేతుల మీద ఉండాలి, చంకకూ కర్రకూ మధ్య రెండు మూడు వేళ్ల సందు ఉండాలి.

తిరిగే రైడ్లు, ఊగే రైడ్లు, ఢీకొట్టుకునే కార్లు, నీళ్ల ఆటలు ఏవీ వద్దు. 2016లో రావిర్యాల దగ్గర తెరిచిన వండర్‌లాకు పోయినా ఇదే మాట. పిండికట్టు తడిస్తే మెత్తబడి పట్టు వదులుతుంది, లోపల చర్మం పాడవుతుంది. నాగార్జునసాగర్‌కు పోయేవారు కొండకు తీసుకుపోయే లాంచీ ఎక్కకపోవడం మంచిది. ఊగే లాంచీలోకి చంక కర్రలతో అడుగు వేయడం సాహసం. మన మండలంలోనే జనవరిలో జరిగే జాన్‌పహాడ్ ఉర్సు లాంటి జనసమ్మర్దంలోనూ ఒక్క తోపులాట చాలు, నెలల కష్టం వృథా అవుతుంది.

ఇప్పుడు అసలు మాటకు వస్తాము. వీల్‌చెయిర్ అనగానే మన వాళ్లు మొహం చిట్లిస్తారు. "అది ఎక్కితే అరిష్టం", "నలుగురూ చూస్తే ఏమనుకుంటారు" అంటారు. అందుకోసం ఎండలో వరుసల్లో ఒంటికాలి మీద నిలబడేవారు ఉన్నారు. ప్రియులారా, వీల్‌చెయిర్ ఒక సాధనం, కళ్లజోడు లాంటిదే. చూపు తగ్గినవారు కళ్లజోడు పెట్టుకుంటే అరిష్టమని ఎవరూ అనరు కదా! పార్కువారికి ముందుగా ఫోన్ చేసి వీల్‌చెయిర్ ఇస్తారా, ఏయే చోట్లకు అది పోతుంది అని అడగండి. అడగడం మన హక్కు. ప్రజలు వచ్చే భవనాలు అందరికీ అందుబాటులో ఉండాలని 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం చెబుతోంది. వారి కోసం కట్టిన ర్యాంపు మూడు నెలలు కట్టుతో ఉన్నవారికీ, ముసలివారికీ, నిండు గర్భిణికీ ఉపయోగమే.

ఈ మాట పార్కులకు చెప్పి మనం ఊరుకుంటే సరిపోదు. మన మందిరాల్లో ఎన్నింటికి ర్యాంపు ఉంది? కాలు విరిగిన తల్లి ఆరాధనకు రావాలంటే ఇద్దరు ఎత్తుకుని మెట్లు ఎక్కించవలసి వస్తోంది. సంఘ పెద్దలు దీనిని ఆలోచించాలని మనవి చేస్తున్నాము. అలాగే సండే స్కూలు యాత్ర పెట్టినప్పుడు కట్టు ఉన్న బిడ్డను వదిలివేయకండి. ఆ బిడ్డ కూడా రాగల చోటును ఎంచుకోండి.

చివరగా ఈ గుర్తులు మరువకండి. కాలి వేళ్లు చల్లబడినా, నీలంగా లేక పాలిపోయి కనిపించినా, తిమ్మిరెక్కినా, కట్టు లోపల నొప్పి పెరుగుతూ పోయినా, పిక్క వాచి నొప్పి పెట్టినా యాత్ర అక్కడితో ఆపి దగ్గరలోని ఆసుపత్రికి వెళ్లండి. ఆయాసం, ఛాతీలో నొప్పి వస్తే వెంటనే 108కి ఫోన్ చేయండి. మీ డిశ్చార్జ్ కాగితం, మందుల చీటీ సంచిలో ఉంచుకోండి.

యాత్ర ఒక్కరోజుది, కాలు జీవితమంతా మోయవలసినది. ఆ రెండింటినీ కాపాడుకుంటూ క్షేమంగా వెళ్లి సంతోషంగా రావాలని కోరుకుంటున్నాము.