సాయంత్రం బడి పంతులమ్మ అన్నం తిన్నదా?

చీకటి పడే వేళకు రామాలయం అరుగు మీదనో, పంచాయతీ ఆఫీసు వరండాలోనో పిల్లలను కూర్చోబెట్టి ఉచితంగా చదువు చెప్పే యువతీ యువకులు మన పల్లెల్లో ఇంకా ఉన్నారు. నెల్లూరు జిల్లాకు ఇది కొత్త కాదు. 1990 దశకం మొదట్లో సంపూర్ణ అక్షరాస్యతా ఉద్యమంలో రాత్రి తరగతులు నడిపింది జీతం లేని ఊరి కుర్రకారే. ఆ తరగతుల్లో అక్షరాలు దిద్దిన దూబగుంట ఆడవాళ్లు సారాకు ఎదురు తిరిగారు. ఆ కబురు ఊరూరా పాకింది. 1993 అక్టోబరు 1 నుంచి ఉమ్మడి రాష్ట్రంలో సారా నిషేధించారు. అరుగు మీది బడిని చిన్నచూపు చూడరాదు.

అయితే ఆ బడి నడిపేవారి ఒంటి సంగతి, మనసు సంగతి మనకు పట్టడం లేదు.

మా ఊళ్లో డిగ్రీ చదివిన ఒక అమ్మాయి రెండేళ్లు బడి నడిపింది. పగలు టౌనులో ఒక షాపులో పని. ఆరున్నరకు బస్సు దిగి, ఇంటికైనా పోకుండా నేరుగా అరుగు దగ్గరికే వచ్చేది. ముప్పై మంది పిల్లలు. ఒకడికి గుణింతాలు, ఇంకొకడికి పదో తరగతి లెక్కలు, అన్నీ ఆ ఒక్క గొంతుతోనే. ఎనిమిదిన్నరకు ఇల్లు చేరి చల్లారిన అన్నం తినేది. సుద్దముక్కలు కూడా ఆమె జీతంలోంచే. ఊరంతా బంగారు తల్లి అన్నది. తిన్నావా అమ్మా అని అడిగినవారు లేరు.

ఆదివారం సెలవు ఇస్తే పిల్లలు చెరువు గట్టున తిరుగుతారని తల్లులు ఒప్పుకోలేదు. లెక్క వేసి చూడండి. 1969లో మొదలైన జాతీయ సేవా పథకంలో కాలేజీ విద్యార్థి ఏడాదికి చేయవలసిన సేవ 120 గంటలు. పండగలు, జ్వరాలు తీసివేసి 300 రోజులు అనుకున్నా ఈ అమ్మాయి చేసింది 600 గంటలు. అదీ పగలంతా నిలబడి పని చేసి వచ్చిన తరువాత!

గొంతు బొంగురుపోవడం అందరికీ వినబడింది. అసలు భారం మాత్రం ఎవరికీ కనబడలేదు. తండ్రి తాగి వచ్చి కొట్టిన సంగతి, ఇంట్లో బియ్యం నిండుకున్న సంగతి పిల్లలు ఆమె చెవిన వేసి తేలికపడి పోయేవారు. విన్నదంతా ఆమె దగ్గరే ఉండిపోయేది. ఒకనాడు తొమ్మిదో తరగతి పిల్ల తనకు పెళ్లి కుదిర్చారని ఏడ్చింది. ఈమె 1098కి ఫోను చేసింది. అధికారులు వచ్చారు, పెళ్లి ఆగింది, పిల్ల చదువుకుంటున్నది. ఫోను చేసింది ఎవరో అధికారులు చెప్పలేదు గాని, పల్లెలో దాగుతుందా? బంధువులు నాలుగు రోజులు ఆమె ఇంటి ముందు నిలబడి తిట్టారు. పెద్దమనుషులం ఒక్కరమూ పోయి ఆమె పక్కన నిలవలేదు. నేనూ పోలేదు. ఆ తరువాత ఆమెకు నిద్ర పట్టేది కాదట. కార్తీకంలో బడి ఆగిపోయింది. ఈ కాలం వాళ్లకు ఓపిక లేదని తీర్పు చెప్పి ఊరుకున్నాము.

బడి నడిపే తమ్ముళ్లకూ చెల్లెళ్లకూ ఒక మాట. ఆకలితో పాఠం చెప్పవద్దు. గొంతు చించుకోవద్దు, పెద్ద పిల్లల చేత చిన్న పిల్లలకు చెప్పించండి. వారానికి ఒక రోజు మానండి, తప్పు లేదు. పిల్ల చెప్పిన కష్టం పెద్దదైతే ఒక్కరే మోయవద్దు. మీకు నమ్మకమున్న హెడ్మాస్టరుకో, అంగన్‌వాడీ టీచరుకో చెప్పండి. నిద్ర లేని రాత్రులు వరుసగా గడుస్తుంటే 14416కు ఫోను చేయవచ్చు. 2022లో ప్రభుత్వం పెట్టిన టెలీ మానస్ అది. డబ్బు అక్కరలేదు, ఏ వేళనైనా తెలుగులోనే మాట్లాడతారు. పిచ్చివాళ్లు చేసే ఫోను అని ఊళ్లో ఎవరైనా అంటే అననివ్వండి.

ఊరు చేయవలసింది ఇంతకంటె ఎక్కువ. ముప్పై ఇళ్ల పిల్లలు చదువుకుంటున్నప్పుడు నెలకొక రాత్రి ఒక్కొక్క ఇంటి నుంచి వేడి అన్నం పంపడం బరువా? సుద్దముక్కలకు పంచాయతీ దగ్గర డబ్బులు లేవా? తిట్టేవారు వచ్చిన నాడు ఇద్దరు పెద్దలు గుమ్మంలో కూర్చుంటే చాలు, సగం గొంతులు అక్కడే తగ్గుతాయి.

మొన్న మా ఊరి యువకులు ఇద్దరు బడి మళ్లీ తెరుస్తామని వచ్చారు. ఆదివారం సెలవు, రాత్రి భోజనం వంతులవారీగా అని ముందే ఒప్పుకున్నాము. ఆ అమ్మాయిని అడగడానికి ఈసారి నేనే వెళ్లాను. వారానికి రెండు రోజులైతే వస్తానన్నది. సరేనన్నాను.