కువైట్ ఎవరిది? ఎవరి కాగితం వాళ్ళ దగ్గరుంది!

గల్ఫ్ లో ఏ గొడవ మొదలైనా మన ఆఫీసు క్యాంటీన్లలో ఒక వాదన తప్పకుండా లేస్తుంది. "అసలు కువైట్ అనే దేశమే లేదు బాసూ. అది బస్రాలో ఓ ముక్క. బ్రిటిషువాడు ఇరాక్ నుంచి కోసేశాడు. సద్దాం పద్ధతి తప్పు కావచ్చు గానీ పాయింటు మాత్రం కరెక్టే." పక్కనున్నాయన దీనికి ఇంకో సిద్ధాంతం తగిలిస్తాడు. "మొత్తం తెల్లవాడు స్కేలు పెట్టి గీసిన గీతల వల్లేనండీ. పాపం అక్కడి షేకులకేం తెలుసు?"

రెండూ విని విని విసుగొచ్చి ఇది రాస్తున్నా. మొదటిది చరిత్ర పేరుతో దొంగతనానికి సర్టిఫికెట్టు ఇవ్వడం. రెండోది ఆ ప్రాంతం పాలకుల్ని పసిపిల్లల్ని చేయడం. నా వాదన ఇదీ: ఆ ఎడారి తీరంలో ఒకే నేలకి నాలుగు రకాల కాగితాలున్నాయి, వాటిలో చాలావాటి మీద సంతకం పెట్టింది ఒకే కుటుంబం. కాబట్టి "చరిత్ర ప్రకారం మాది" అనే మాటకి అక్కడ అర్థమే లేదు.

ముందు ఆ తీరంలో రాజ్యం అంటే ఏమిటో చూద్దాం. కువైట్ ఒక రేవు. 18వ శతాబ్దం మధ్య నుంచీ అల్ సబా కుటుంబం చేతిలో ఉంది. ఆదాయమంతా ముత్యాల పడవలు, సరుకు రవాణా, సుంకం. ఊరి గోడ దాటితే ఇసక. ఆ ఇసక మీద ఒంటెలతో, గొర్రెలతో తిరిగే తెగలు. ఏ తెగ ఎవరికి జకాత్ కడితే, ఆ తెగకి వాడు పాలకుడు. వచ్చే ఏడు వానలు ఇంకోవైపు పడితే, లేదా ఇంకొకడు బలపడితే, కట్టేది వాడికి. అంటే పాలన మనుషుల మీద, బావుల మీద. నేల మీద కాదు. మన పట్టాదారు పాసు పుస్తకం లాంటిది అక్కడ వెతకడమే తప్పు. లేని ఫీల్డుకి వాల్యూ రాబట్టాలని చూడటం అన్నమాట.

ఇప్పుడు కాగితాలు ఒక్కొక్కటీ.

1871: బాగ్దాద్ గవర్నరు మిధత్ పాషా కింద ఉన్న అల్ హసా మీదికి ఒట్టోమన్ సైన్యాన్ని పంపాడు. కువైట్ షేక్ అబ్దుల్లా పడవలిచ్చి సాయం చేశాడు, కైమకామ్ అనే ఒట్టోమన్ అధికారి బిరుదు పుచ్చుకున్నాడు. ఊరికే కాదు. అల్ సబాలకి ఒట్టోమన్ నేల మీద, ఫావ్ దగ్గర, ఖర్జూరం తోటలున్నాయి. తోటలు నిలబడాలంటే సుల్తాను దయ కావాలి. "కువైట్ బస్రాదే" అనేవాళ్ళ ఆయుధం ఈ కాగితమే.

1896: ముబారక్ తన ఇద్దరు సవతి అన్నదమ్ముల్ని చంపి గద్దెనెక్కాడు. ఎక్కీ ఎక్కగానే రెండు తలుపులూ తట్టాడు. 1897లో బ్రిటిషు వాళ్ళని రక్షణ అడిగాడు, వాళ్ళు మొదట ఒప్పుకోలేదు. అదే ఏడాది చివర్లో సుల్తాను దగ్గర్నుంచి కైమకామ్ బిరుదూ తెచ్చుకున్నాడు. అమాయకుడట!

1899 జనవరి 23: ఈలోగా జర్మన్లు బాగ్దాద్ మీదుగా గల్ఫ్ దాకా రైలు వేస్తారని, రష్యన్లు కూడా అటు చూస్తున్నారని బ్రిటిషు వాళ్ళకి బెంగ పట్టుకుంది. బూషహర్ లోని రెసిడెంటు మీడ్ వచ్చి ముబారక్ తో రహస్య ఒప్పందం రాయించుకున్నాడు. బ్రిటిషు అనుమతి లేకుండా వేరే దేశం ప్రతినిధిని రానివ్వకూడదు, జానెడు నేల అమ్మకూడదు, కౌలుకివ్వకూడదు, తాకట్టు పెట్టకూడదు. ముబారక్ కి ముట్టింది 15,000 రూపాయలు. అవును, రూపాయలే. గల్ఫ్ వ్యవహారాలు అప్పట్లో నడిపింది కలకత్తాలోని భారత ప్రభుత్వం మరి. మన భాషలో చెప్పాలంటే పక్కా వెండర్ లాక్-ఇన్. తమాషా ఏమిటంటే, ఈ సంతకం పెట్టాక కూడా 1914 దాకా కువైట్ లో ఎగిరింది ఒట్టోమన్ జెండానే. ఒక చేత్తో సుల్తాను బిరుదు, ఇంకో చేత్తో ఇంగ్లీషు వాడి రూపాయలు.

ఒట్టోమన్లు తక్కువ తిన్నారా? 1902లో బుబియాన్ దీవి, ఉమ్ కస్ర్, సఫ్వాన్ లలో సైనికుల్ని దింపి "ఇది మాదే" అన్నారు. 1903లో వైస్రాయి కర్జన్ యుద్ధనౌకలతో గల్ఫ్ అంతా ఊరేగి, కువైట్ లోనూ దిగి, "ఇది మా పెరడు" అని చూపించుకుని పోయాడు.

1913 జులై: రెండు సామ్రాజ్యాలూ లండన్ లో కూర్చుని రాజీ రాసుకున్నాయి. ఇది జాగ్రత్తగా చదవాలి. కువైట్ ఒట్టోమన్ సామ్రాజ్యంలో భాగమే, కానీ స్వయంపాలన ఉంటుంది. కువైట్ ఊరు చుట్టూ ఎర్ర గీత, దాని లోపల పూర్తి అధికారం షేక్ ది. దాని బయట ఆకుపచ్చ గీత, అందులోని తెగల దగ్గర పన్ను వసూలు చేసుకునే హక్కు షేక్ ది. చూశారా, సామ్రాజ్యాల గీత కూడా చివరికి "ఎవరి దగ్గర వసూలు" అనే దగ్గరే ఆగింది. ఆ పై ఏడాది యుద్ధం వచ్చింది, ఒప్పందం ధ్రువీకరణ కాలేదు. 1914 నవంబరులో బ్రిటన్ మాట మార్చి, కువైట్ తన రక్షణలోని స్వతంత్ర ప్రభుత్వం అనేసింది.

మరి ఆ ధ్రువీకరణ కాని గీత ఎక్కడికి పోయింది? ఎక్కడికీ పోలేదు. రిలీజు కాని బిల్డు ప్రొడక్షన్ లోకి ఎక్కినట్టు, తర్వాత ఉత్తరాన కువైట్, ఇరాక్ సరిహద్దుకి అదే ఆధారమయ్యింది.

దక్షిణాన కథ ఇంకా ఘోరం. 1922 చివర్లో ఉకైర్ అనే రేవు దగ్గర సభ. బ్రిటిషు హై కమిషనరు పెర్సీ కాక్స్, ఇబ్న్ సౌద్, ఇరాక్ ప్రతినిధి కూర్చున్నారు. కువైట్ తరఫున ఎవరు? మేజర్ మోర్ అనే బ్రిటిషు అధికారి! షేక్ ని పిలవనే లేదు. ఇబ్న్ సౌద్ తెగల లెక్కన హద్దు కావాలన్నాడు, కాక్స్ గీతే కావాలన్నాడు. అక్కడే ఉన్న డిక్సన్ అనే అధికారి తర్వాత రాసుకున్న దాని ప్రకారం, చివరికి కాక్స్ ఎర్ర పెన్సిలు తీసుకుని తనే గీసేశాడు. కువైట్ తనదనుకున్న నేలలో మూడింట రెండొంతులు దాకా ఇబ్న్ సౌద్ కి పోయింది. ఇరవై ఏళ్ళ క్రితం ఊరు పోగొట్టుకున్న ఇదే ఇబ్న్ సౌద్ కుటుంబానికి ఆశ్రయమిచ్చింది ముబారక్. రియాద్ ని తిరిగి పట్టుకోవడానికి అతను బయల్దేరింది కువైట్ నుంచే. పైగా యుద్ధకాలం నుంచీ నెలకి 5,000 పౌన్లు బ్రిటిషు భత్యం కూడా అందుకుంటున్నాడు. ఇందులో అమాయకుడెవరో చూపించండి.

ఉత్తర సరిహద్దు నాణ్యత ఎంతటిదంటే, సఫ్వాన్ దగ్గర దక్షిణం చివరి ఖర్జూరం చెట్టుకి కాస్త కింద ఒక బోర్డు పాతారు. అదే రెండు దేశాల హద్దు! బోర్డు పోయింది, మళ్ళీ పెట్టారు, మళ్ళీ పోయింది, ఎక్కడ పాతాలనేదే పేచీ అయ్యింది. కొత్తగా ఇంకో ఖర్జూరం నాటితే ఇరాక్ పెరుగుతుందా అని అడిగే దమ్మున్నవాడు ఆ రోజుల్లో లేనట్టుంది.

అయినా 1932లో ఇరాక్ ప్రధాని నూరీ అల్ సయీద్ ఈ సరిహద్దుని ఒప్పుకుంటూ ఉత్తరం రాశాడు. అప్పుడు ఇరాక్ కి నానాజాతి సమితిలో సభ్యత్వం కావాలి. 1938లో బుర్గాన్ లో చమురు పడింది, ఇరాక్ రాజు ఘాజీ సొంత రేడియో పెట్టుకుని కువైట్ మాదే అన్నాడు. 1961 జూన్ 19న కువైట్ స్వతంత్రమైతే, ఆరు రోజులకే ఇరాక్ ప్రధాని కాసిం అదే పాట అందుకున్నాడు. 1963లో కొత్త ప్రభుత్వం వచ్చి కువైట్ ని గుర్తించింది. 1990 ఆగస్టు 2న సద్దాం ట్యాంకులు వచ్చాయి, నెలాఖరుకి కువైట్ "19వ రాష్ట్రం" అయ్యింది. ఒప్పుకోవడం, కాదనడం, మళ్ళీ ఒప్పుకోవడం. ఇది చరిత్రా, అవసరమా?

ఇక బిల్లు ఎవరు కట్టారో చూద్దాం. 1990లో కువైట్ లో చిక్కుకున్న భారతీయుల్లో మన కడప, రాజంపేట వైపు వాళ్ళు, గోదావరి జిల్లాల నుంచి ఇళ్ళల్లో పనికి వెళ్ళిన ఆడవాళ్ళు ఉన్నారు. బస్సుల్లో ఇరాక్ దాటి అమ్మాన్ చేరి, అక్కణ్ణుంచి విమానాల్లో వచ్చారు. మొత్తం లక్షన్నరకు పైగా భారతీయుల్ని అలా తీసుకొచ్చారు. 1871 నాటి బిరుదుకీ, ఇంట్లో అంట్లు తోముకుంటున్న ఆ తల్లికీ ఏమిటి సంబంధం? ఇరాక్ ప్రజలు మాత్రం తక్కువ కట్టారా? ఐరాస ద్వారా 5,240 కోట్ల డాలర్ల పరిహారం, తీరేసరికి 2022 వచ్చింది.

ఇంకొకళ్ళున్నారు. బిదూన్లు. ఆ మాటకర్థం "లేనివాళ్ళు" అని, అంటే పౌరసత్వం లేనివాళ్ళు. 1959 చట్టం 1920కి ముందు నుంచి కువైట్ లో స్థిరపడ్డవాళ్ళే అసలు పౌరులంది. గీతే లేని రోజుల్లో ఇసక మీద తిరిగిన తెగవాడు 1920కి ముందు రుజువెక్కడ తెస్తాడు? లక్ష మంది దాకా ఈ రోజుకీ ఏ దేశమూ లేకుండా ఉన్నారు. షేకులు తమకు అనుకూలమైన తేదీ ఎంచుకున్నారు, సద్దాం తనకి అనుకూలమైన తేదీ ఎంచుకున్నాడు. టెక్నిక్ ఒక్కటే.

"అయితే గీతలన్నీ బోగస్సే కదా, ఎవడైనా చెరిపేయొచ్చా?" అని మీరడగొచ్చు. నేను చెప్పేది సరిగ్గా దానికి వ్యతిరేకం. పాత కాగితాలన్నీ బోగస్ కాబట్టే, వాటిని పట్టుకుని కొత్త గీతని కెలకడానికి ఎవడికీ హక్కు లేదు. 1993లో ఐరాస కమిషను కొలిచి రాళ్ళు పాతిన సరిహద్దు ఉంది, భద్రతా మండలి 833వ తీర్మానం ఉంది, 1994లో ఇరాక్ ఒప్పుకోలు ఉంది. అది గొప్ప న్యాయమని నేననను. ఉమ్ కస్ర్ వైపు ఇరాక్ కి ఉన్న బాధ నిజమే, అంత పెద్ద దేశానికి సముద్రం మీద ఉన్నది చిన్న కిటికీ. ఆ బాధకి మందు దారి హక్కులు, నౌకల ఒప్పందం. అలాంటిదే ఖోర్ అబ్దుల్లా కాలవ మీద 2012లో కుదుర్చుకున్నారు. 2023లో ఇరాక్ సుప్రీం కోర్టు దాన్ని ఆమోదించిన చట్టాన్ని కొట్టేసింది. వెంటనే రెండు వైపులా పాత మ్యాపులు మళ్ళీ బయటికొచ్చాయి.

అందుకే అడుగుతున్నా. ఇంకోసారి క్యాంటీన్లో "కువైట్ అసలు ఇరాక్ దే" అనేముందు, ఏ సంవత్సరం లెక్కన అంటున్నారో చెప్పండి. 1871 అంటే నేను 1899 చూపిస్తా. 1913 అంటే 1932 చూపిస్తా. కాగితాలయ్యాక, ఈ రోజు ఆ ఇసక మీద బతుకుతున్నవాళ్ళ గురించి, కడప నుంచి వెళ్ళినవాళ్ళతో సహా, మీ వాదనలో ఒక్క వాక్యమైనా ఉందేమో చూసుకోండి. లేకపోతే ఆ వాదన నాకొద్దు.