చెకుముకి తుపాకీయా, టోపీ తుపాకీయా?

 

మొన్న రాత్రి హాస్టల్లో అన్నం తిన్నాక అమెరికా పాత తుపాకుల వీడియో చూశాం. రెండు రకాలూ గొట్టం మూతి నుంచి మందు, గుండు కూరేవే. తేడా నిప్పు దగ్గరే. ఒకదాంట్లో చెకుముకి రాయి ఉక్కుకి కొట్టుకుని రవ్వలు రాలతాయి. రెండోదాంట్లో చిన్న రాగి టోపీ మీద సుత్తి పడితే చాలు. టోపీది వచ్చాక కూడా అక్కడి ఆదివాసులు చాలామంది చెకుముకిదే వాడారు. హడ్సన్స్ బే కంపెనీ 1850 దాటాక కూడా వాళ్లకి అవే అమ్మింది. మా రూమ్మేట్ నవ్వి "అందుకే వెనకబడ్డారు" అన్నాడు. వాడూ మనోడే. ఆ మాట నాకు గుచ్చుకుంది.

టోపీది మంచిదే, ఒప్పుకుంటా. 1841 మేలో చైనాలో కాంటన్ దగ్గర సాన్యువాన్‌లీలో మద్రాసు 37వ పటాలం సిపాయిలు వానలో చిక్కుకున్నారు. చెకుముకి తుపాకులు తడిసి పేలలేదు. ఊళ్లవాళ్లు చుట్టుముట్టారు. టోపీ తుపాకులున్న మెరైన్లు వచ్చి కాపాడారు. ఆ మద్రాసు సైన్యంలో తెలుగోళ్లూ చాలామంది ఉండేవాళ్లు.

కానీ అడవిలో టోపీలు అయిపోతే? తుపాకీ కర్రతో సమానం. రాయి అరిగితే ఇంకో రాయి వెతుక్కోవచ్చు. "మందు, సీసం కొనాల్సిందే కదా" అన్నాడు మావాడు. నిజమే. రెండింటికి షావుకారు గుమ్మం ఎక్కేవాడు మూడోదానికి కూడా ఎందుకెక్కాలి? అది వెనకబాటు కాదు, లెక్క.

మా ఇంట్లో ఆ లెక్క తప్పింది. నాన్న చోళ్లు మానేసి కంపెనీ మొక్కజొన్న వేశాడు. మొదటేడు బాగా పండింది. దాచిన గింజ మళ్లీ వేస్తే అంత పండలేదు. ఇప్పుడు ఏటా విత్తనానికే అప్పు. నానమ్మ మాత్రం చోళ్ల విత్తనం బూడిద కలిపి దాచింది. అప్పుడు అందరం నవ్వాం. నేను కూడా.

కొత్తది వద్దని కాదు. మా ఇంట్లో కాలేజీ మెట్లెక్కిన మొదటివాణ్ని నేనే, కొత్తది వద్దంటే ఇక్కడ ఉండేవాణ్నే కాదు. తీసుకునే ముందు ఒక్కటే అడుగుదాం: దీని టోపీ ఎవరి చేతిలో ఉంది?

ఈ సెలవులకి వెళ్లినప్పుడు ఒక చెక్కలోనైనా చోళ్లు వేయమని నాన్నని అడుగుతా. మీ ఇళ్లల్లో ఏ విత్తనం మిగిలిందో మీరూ అడగండి. నానమ్మలు ఉండగానే అడగండి.