ఒక్క ప్రింటరు, రెండు కంప్యూటర్లు

రేపు పరీక్షనగా పిల్ల హాల్‌టికెట్ ప్రింటు రాకపోతే ఇల్లంతా కంగారే! మా న్యాల్‌కల్ నుంచి రాత్రిపూట జహీరాబాద్ పరుగెత్తాలంటే మాటలా? అందుకే ఈ వారం ప్రింటరు సంగతి చెప్పుకుందాం.

ప్రింటరు వైరు తగిలించిన కంప్యూటరు, బోరు మోటారున్న ఇల్లు లాంటిది. అక్కడ మీట వెయ్యకపోతే పక్కింటికి చుక్క నీరు రాదు. కాబట్టి ముందు అది ఆన్‌లో ఉందా, 'స్లీప్'లోకి పోయిందా చూడండి.

తర్వాత రెండు కంప్యూటర్లూ ఒకే వైఫైలో ఉండాలి. ఒకటి ఫోను హాట్‌స్పాట్ మీద ఉంటే కలవవు. విండోస్‌లో ఇంటి వైఫైని 'ప్రైవేట్' అని పెట్టుకోండి. 'పబ్లిక్' అనుంటే ప్రింటరు రెండోదానికి కనిపించకపోవచ్చు.

2021లో విండోస్‌లో ప్రింటరు దారిన దొంగలు చొరబడే లోపం బయటపడింది. దాన్ని మూయడానికి అప్‌డేట్లు వచ్చాయి. ఒకదానికి చేసి రెండోదాన్ని వదిలేస్తే ప్రింటు ఆగిపోవచ్చు. రెండింటికీ చెయ్యండి.

పాత ప్రింట్లు వరుసలో ఇరుక్కుంటే రద్దు చేసి, అన్నీ ఆపి మళ్ళీ వెయ్యండి.

అప్పటికీ రాలేదా? హాల్‌టికెట్‌ను పెన్‌డ్రైవ్‌లో ఎక్కించి ప్రింటరున్న కంప్యూటరుకే పెట్టి తీసుకోండి. మరమ్మతు పొద్దున తీరిగ్గా చూసుకోవచ్చు!