పిన్ను మారితే చాలదు!

ఓడ మీద పనిచేసే బాబాయి నెలల తరవాత సెలవుకొచ్చాడంటే విశాఖలో ఆ ఇంటికి పండగే. సూట్‌కేసు తెరిచేదాకా పిల్లలకు కాలు నిలవదు. చాక్లెట్లు, సెంటు సీసాలు, అమ్మకో చేతిగడియారం... అన్నిటికీ అడుగున చేతిలో పట్టుకుని ఆడుకునే ఓ గేమ్ పరికరం. గేమ్‌బాయ్ అడ్వాన్స్ ఎస్పీ కావచ్చు, నింటెండో డీఎస్ కావచ్చు, సోనీ పీఎస్పీ కావచ్చు. ఇక దానికోసం అన్నాచెల్లెళ్ల మధ్య యుద్ధం మొదలు!

ఆ హడావుడిలో ఎవరూ పట్టించుకోని వస్తువు ఒకటుంది. డబ్బాలో ఓ మూల పడి ఉండే చిన్న ఛార్జరు. ఒకే కంపెనీ, ఒకే మోడల్, చూడ్డానికి ఒకే నల్లరంగు. కానీ టోక్యోలో కొన్నది వేరు, న్యూయార్క్‌లో కొన్నది వేరు, లండన్‌లో కొన్నది వేరు. ఆ తేడా తెలియక గోడకి గుచ్చితే, ‘టప్’మని ఓ శబ్దం, ఆనక కాలిన ప్లాస్టిక్ వాసన. పిల్లల ఏడుపు సంగతి సరే, దాన్ని గుచ్చి పక్కగదిలోకి వెళ్లిపోతే పరుపో, కర్టెనో అంటుకునే ప్రమాదమూ ఉంది.

జపానుతో చుట్టరికం

విశాఖకి జపాను వస్తువులు కొత్తేమీ కాదు. బైలదిల్లా గనుల్లోని ఇనుప ఖనిజాన్ని జపాను ఉక్కు కర్మాగారాలకు పంపడం కోసమే 1960ల్లో కొత్తవలస-కిరండూల్ రైలుమార్గం వేశారు. ఆ ఖనిజాన్ని మోసే భారీ నౌకలకోసం 1970ల్లో ఔటర్ హార్బరు కట్టారు. ఖనిజం అటు వెళుతుంటే, రేడియోలూ టేప్‌రికార్డర్లూ ఓడ సిబ్బంది పెట్టెల్లో ఇటు వచ్చేవి. వాటి తరవాత వచ్చినవే ఈ గేమ్ పరికరాలు. నింటెండో, సోనీ... రెండూ జపాను కంపెనీలే మరి.

అయితే, జపాను ఇళ్లలో వచ్చే కరెంటు 100 వోల్టులు. అమెరికాలో 120. మన ఇళ్లలో 230! మరో విచిత్రం ఏంటంటే, ఒక్క జపానులోనే కరెంటు రెండు రకాలు. టోక్యో ఉన్న తూర్పువైపు 50 హెర్ట్జ్, ఒసాకా ఉన్న పడమటివైపు 60 హెర్ట్జ్. 1890ల్లో టోక్యోవాళ్లు జర్మనీ నుంచీ, ఒసాకావాళ్లు అమెరికా నుంచీ జనరేటర్లు తెప్పించుకోవడమే దానికి కారణం. ఆనాటి తేడా ఇప్పటికీ చెరిగిపోలేదు.

ఒకే ఛార్జరు... ఎన్ని రూపాలో!

2003లో వచ్చిన గేమ్‌బాయ్ అడ్వాన్స్ ఎస్పీనే తీసుకుందాం. దీని ఛార్జరునే 2004లో వచ్చిన మొదటి నింటెండో డీఎస్‌కీ వాడుకోవచ్చు. జపానులో అమ్మిన ఛార్జరు 100 వోల్టులకి, అమెరికాలో అమ్మింది 120కి, ఐరోపాలో అమ్మింది 230కి తయారైనవి. మూడూ బయటికి ఇచ్చేది మాత్రం ఒకటే... 5.2 వోల్టులు. అంటే తేడా అంతా గోడవైపే, పరికరం వైపు లేదు.

ఈ తరహా పాత అడాప్టర్లు చేత్తో పట్టుకుంటే బరువుగా ఉంటాయి. లోపల రాగితీగ చుట్టిన చిన్న ట్రాన్స్‌ఫార్మరు ఉంటుంది. 100 వోల్టులకు లెక్కకట్టి చుట్టిన తీగకి 230 ఇస్తే, తట్టుకోగలిగినదానికన్నా ఎన్నోరెట్లు కరెంటు లాగేసి నిమిషాల్లో వేడెక్కిపోతుంది. అదృష్టం బాగుంటే లోపలి ఫ్యూజు ముందే పోతుంది. ఛార్జరు చచ్చినా ఇల్లు దక్కుతుంది. లేకపోతే రెట్టింపుకన్నా ఎక్కువ వోల్టేజి పరికరందాకా పాకి, ఆటబొమ్మని కూడా తీసుకుపోవచ్చు.

మరి పీఎస్పీ? 2004 చివర్లో జపానులో విడుదలైన ఈ పరికరంతో సోనీ ఇచ్చిన అడాప్టరు 100 నుంచి 240 వోల్టుల దాకా దేన్నైనా తట్టుకుంటుంది. జపానుది తెచ్చినా మన దగ్గర నిక్షేపంగా పనిచేస్తుంది. ఒకే ఇంట్లో అన్న పీఎస్పీ చక్కగా ఛార్జయి, చెల్లి డీఎస్ ఛార్జరు కాలిపోవడానికి కారణం ఇదే. ‘వాడిది బాగానే పనిచేసిందిగా’ అని రెండోది గుచ్చడంతోనే వస్తుంది తంటా.

ఆ పది రూపాయల ముక్క...

ఎక్కువమంది పొరపడేది ఇక్కడే. జపాను, అమెరికా ఛార్జర్లకు రెండు బల్లపరుపు పిన్నులుంటాయి. మన గుండ్రటి సాకెట్లలో సరిగ్గా దూరవు. దాంతో కరెంటు సామాన్ల దుకాణానికి వెళ్లి ఓ కన్వర్టరు ప్లగ్గు తెచ్చేస్తారు. పిన్ను పట్టేసింది కాబట్టి పని అయిపోయిందనుకుంటారు. కానీ ఆ ముక్క మార్చేది పిన్ను ఆకారాన్నే. వోల్టేజిని ఇసుమంతైనా తగ్గించదు. 230 వోల్టులూ నేరుగా లోపలికి వెళ్లిపోతాయి. నిజానికి పిన్ను పట్టకపోవడమే మనకో హెచ్చరిక. కన్వర్టరు పెట్టి ఆ హెచ్చరిక నోరు మనమే నొక్కేస్తున్నామన్నమాట.

సింగపూర్‌లోనో, దుబాయ్‌లోనో కొన్నదైతే కథ వేరు. అక్కడ లావుపాటి మూడు పలకల పిన్నులుంటాయి గానీ, కరెంటు ఇంచుమించు మనలాంటిదే. అక్కడివారికోసం తయారైన ఛార్జరుకి ప్లగ్గు కన్వర్టరు ఒక్కటీ సరిపోతుంది. కాకపోతే అక్కడి దుకాణాల్లోనూ జపాను సరుకు అమ్ముతుంటారు. కాబట్టి ఊరిపేరు చూసి కాదు, ఛార్జరు వీపు చూసి నిర్ణయించుకోవాలి.

వీపు మీద ఏముంటుంది?

ఛార్జరు వెనక సన్నటి అక్షరాల్లో ‘ఇన్‌పుట్’ అని ఓ వరుస ఉంటుంది. అక్కడ 100-240 అని ఉంటే నిశ్చింతగా గుచ్చుకోవచ్చు. 230 అని ఒక్కటే ఉన్నా మనకు పనికొస్తుంది. 100 అనో, 120 అనో మాత్రమే ఉంటే గోడ దగ్గరకి తీసుకెళ్లొద్దు.

అలాంటిదే చేతికొస్తే రెండు దార్లు. మొదటిది స్టెప్‌డౌన్ ట్రాన్స్‌ఫార్మరు. అమెరికాదానికి 110 వోల్టులది నప్పుతుంది. జపానుదానికి 100 వోల్టులదే అడిగి తీసుకోవడం మంచిది. ఈ ఛార్జర్లు వాడే కరెంటు కొద్ది వాట్లే కాబట్టి పెద్ద పెట్టె అక్కర్లేదు. రెండోది ఇంకా తేలిక. అదే మోడల్‌కి 230 వోల్టుల ఛార్జరు కొనుక్కోవడం. అయితే కొనేముందు పిన్ను చూసుకోవాలి. మొదటి డీఎస్ పిన్ను 2006లో వచ్చిన డీఎస్ లైట్‌కి పట్టదు. దాని తరవాత వచ్చిన డీఎస్‌ఐకి మళ్లీ వేరే పిన్ను.

అటకమీద ఏళ్లతరబడి పడి ఉన్న పరికరాన్ని పిల్లలు బయటికి తీస్తే మరో జాగ్రత్త. ముందు బ్యాటరీ మూత తీసి చూడాలి. బ్యాటరీ ఉబ్బి ఉంటే ఛార్జింగ్ పెట్టనేకూడదు.

తాళాలూ ఉన్నాయి

ప్రాంతాల గొడవ కరెంటుతో ఆగలేదు. గేమ్‌బాయ్ అడ్వాన్స్ ఆటలు ఏ దేశానివైనా ఎక్కడైనా ఆడతాయి. కానీ దానికే తగిలించుకునే ‘ఈ-రీడర్’ అనే కార్డులు చదివే పరికరం ఉండేది. 2001లో జపానులో, 2002లో అమెరికాలో వచ్చింది. జపాను కార్డు అమెరికా రీడరులో గీస్తే పనిచేయదు. పీఎస్పీలో ఆటలకు తాళం లేదు గానీ, సినిమా డిస్కులకు ఉంది. 2011 నాటి నింటెండో 3డీఎస్‌లో ఆటలకే తాళం వేశారు. 2017లో వచ్చిన స్విచ్‌లో దాన్ని తీసేశారు. స్విచ్ ఛార్జరు కూడా 100-240 వోల్టులదే. 2024 డిసెంబరు నుంచి ఐరోపా సమాఖ్యలో కొత్తగా అమ్మే ఫోన్లతోపాటు చేతి గేమ్ పరికరాలకూ యూఎస్‌బీ టైప్-సి తప్పనిసరి అయింది. కాబట్టి కొత్త పరికరాలతో ఈ బెడద తగ్గినట్టే.

పాతవాటితో మాత్రం తప్పదు. సెకండ్‌హ్యాండ్‌లో కొన్నా, అమెరికా నుంచి అక్కాబావా పంపినా, ఓ పని పిల్లలకే అప్పజెప్పండి. భూతద్దం చేతికిచ్చి, ఛార్జరు వీపు మీదున్న అంకెలు పైకి చదవమనండి. మొదటి ఆట అదే!