ఖుబానీ కా మీఠా – మా మామిడి తోట

సంచికకు ఏదైనా రాయమని యూనియన్ మిత్రులు అడిగినప్పుడు, సైన్సు విద్యార్థిని గనక అంతరిక్షం గురించో అణుశక్తి గురించో రాస్తాననుకున్నారు. నేను మాత్రం ఒక మిఠాయి గురించి రాస్తున్నాను. నవ్వుకునే మిత్రులు నవ్వుకోవచ్చు. కాని ఒక్క మాట. మన పాతబస్తీలో ఏ పెళ్ళి దావత్‌కు వెళ్ళినా చివరకు ఒక గిన్నెలో ఎర్రగా, చిక్కగా, పైన మలైతో ఖుబానీ కా మీఠా వస్తుంది. ఇంకొంచెం వేయమని సిగ్గు లేకుండా అడిగి తిన్నవాళ్ళమే అందరం. ఆ పండు ఎక్కడ పండింది, చెడిపోకుండా ఇంతదూరం ఎట్లా వచ్చింది అని మనలో ఎంతమంది ఆలోచించాం?

నేనూ ఆలోచించలేదు. ఆలోచించేటట్లు చేసింది మా ఇంటి ఖాలా.

మాది పాత పాలమూరు జిల్లా, ఇప్పటి నాగర్‌కర్నూల్. కొల్లాపూర్ వైపు ఒక పల్లె. 4 ఎకరాల మామిడి తోట మీద మా ఇల్లు నడుస్తుంది. డిగ్రీలో చేరినప్పటినుంచీ శాలిబండలో ఒక పాత ఇంటి మిద్దెమీద గదిలో అద్దెకుంటున్నాను. ఇంటి యజమానురాలిని అందరూ ఖాలా అంటారు, నేనూ అదే అంటాను. ఆమె నన్ను బేటా అంటుంది, అద్దె ఆలస్యమైన నెలలో మాత్రం "ఏం సాబ్" అంటుంది!

పోయిన సంవత్సరం రంజాను నెలలో ఒక రాత్రి ఆమె పావు కిలో ఎండు ఖుబానీలు కడిగి నీళ్ళలో వేస్తుంటే చూశాను. ముడతలు పడి, గోధుమ రంగులో, గులకరాళ్ళ లాగా ఉన్నాయి. తెల్లారేసరికి ఉబ్బి మెత్తబడ్డాయి. నానిన నీళ్ళు పారబోయబోతే చెయ్యి పట్టుకుని ఆపింది. రుచంతా ఆ నీళ్ళలోనే ఉందట. గింజలు తీసి పక్కన పెట్టి, ఆ నీళ్ళతోనే సన్నని సెగ మీద ఉడికించింది. పండు విచ్చుకుని గుజ్జయ్యాకే చక్కెర వేసింది. ముందే వేస్తే పండు గట్టిపడుతుందని ఆమె అంటే, నాకు ఫిజికల్ కెమిస్ట్రీలో ఆస్మాసిస్ పాఠం గుర్తొచ్చింది. నేను పరీక్షలో నాలుగు పేజీలు రాసింది ఆమె ఒక్క ముక్కలో చెప్పింది.

తర్వాత ఆ గింజల్ని రోకలితో కొట్టించింది, ఆ పని నాదే. లోపల చిన్న బాదం పప్పులాంటిది ఉంటుంది. ఉండదా మరి! ఖుబానీ, బాదం, మన బండ్ల మీద వేసవిలో అమ్మే ఆడూ పండు, ఆల్‌బుఖారా అన్నీ గులాబీ కుటుంబంలో ఒకే ప్రజాతికి చెందినవి. పప్పు నోట్లో వేసుకోబోతే, "చేదు తగిలితే ఉమ్మెయ్, మింగొద్దు" అన్నది ఖాలా. చేదు పప్పులో అమిగ్డలిన్ అనే పదార్థం ఉంటుంది, అది విడిపోతే హైడ్రోజన్ సయనైడ్ వస్తుంది. ఆ పేర్లు ఆమెకు తెలియవు. ఉమ్మెయ్యాలని తెలుసు.

ఈ పండు మన దక్కనులో పండదు. చలికాలంలో కొన్ని వారాలు గట్టి చలి తగిలితే తప్ప ఈ జాతి చెట్ల మొగ్గ సరిగా విచ్చుకోదు. బేగంబజార్‌లో అడిగితే ఒక సేటు కాబూల్ మాల్ అంటాడు, ఒకతను లద్దాఖ్ అంటాడు, ఇంకొకతను తుర్కీ అంటాడు. ప్రపంచంలో అన్నిటికంటే ఎక్కువగా ఎండు ఖుబానీ వచ్చేది తుర్కీలోని మలాత్యా ప్రాంతం నుంచే. మెరిసే నారింజ రంగు వాటికి గంధకం పొగ పట్టిస్తారు. ఖాలా వాడే గోధుమరంగు వాటికి అదేమీ లేదు.

లద్దాఖ్ రైతు సంగతి తీసుకోండి. తరతరాలుగా చలికాలం నెలల తరబడి కనుమలు మంచుతో మూతబడేవి. పచ్చి పండు నాలుగు రోజులు ఆగదు. అందుకని మిద్దెల మీద, బండల మీద పరిచి ఎండబెట్టాడు. పండులో నీళ్ళు పోతే చక్కెర చిక్కబడుతుంది, బూజుకు బతకడానికి నీళ్ళు దొరకవు. ఇక దానికి తొందర లేదు, అమ్మేవాడికీ తొందర లేదు. రెండు వేల కిలోమీటర్లు దాటి వచ్చి మన దావత్‌లో కూర్చుంటుంది.

మరి మా మామిడి? నిరుడు ఏప్రిల్ చివర ఒక సాయంత్రం గాలివాన వచ్చింది. అరగంట. తెల్లారి చూస్తే తోటలో కాలు పెట్టడానికి సందు లేదు, అంత కాయ రాలింది. నాయిన ఏమీ మాట్లాడకుండా తట్ట తీసుకుని ఏరడం మొదలుపెట్టాడు. బండి మాట్లాడుకుని పట్నం తీసుకొస్తే, "రాలిన కాయకు రేటేంది పెద్దమనిషీ" అన్నాడు ఒక వ్యాపారి. వచ్చిన డబ్బు బండి కిరాయికి కూడా సరిపోలేదు. ఆ రాత్రి నాయిన నా గదిలోనే పడుకున్నాడు. ఖాలా కింది నుంచి అన్నం పంపితే తినలేదు, కడుపులో బాగలేదన్నాడు.

నా అభిప్రాయం ఏమిటంటే, మనకు రోడ్డూ లారీ దొరికాయి గనక మనం ఎండబెట్టడం మరిచిపోయాం. అసలు రాక కాదు. మా అవ్వ పచ్చి మామిడి ఒరుగులు ఏడాదికి సరిపడా ఎండబెట్టేది. విజయనగరం జిల్లా భీమాలిలో మామిడి రసాన్ని చాపల మీద పొర మీద పొర పోసి తాండ్ర ఎండబెడతారు, అది ఎక్కడెక్కడికో పోతుంది. మైసూరులో 1950 నుంచీ కేంద్ర ఆహార సాంకేతిక పరిశోధన సంస్థ ఉంది. తెలివికి కొదవ లేదు. కొదవ ఎక్కడంటే, ఒరుగులు ఎండబెట్టడం ఆడవాళ్ళ పని, కాయ తెంపి లారీ ఎక్కించడం మగవాడి పని అని మనం పంచుకున్న పంపకంలో ఉంది. లెక్క మగవాడి చేతిలో ఉంది, ఉపాయం అవ్వ చేతిలో ఉంది. ఇద్దరూ ఒకచోట కూర్చోలేదు.

సెలవులకు ఇంటికి పోయినప్పుడు మిగిలిన కాయల్లో దెబ్బ తగలనివి ఏరి అమ్మతో గడ్డిలో మాగవేయించాను. మొదటి విడత బొటనవేలు మందాన కోశాను. పైన ఎండినట్టే కనిపించింది, వేడి మీదనే డబ్బాకెత్తాను. ఎనిమిదో రోజు మూత తీస్తే బూజు. నాయిన చూసి, "సదువుకోని ఒరుగులు ఎండవెట్టుడు నేర్సినవా?" అన్నాడు. తప్పు నాదే. రెండోసారి పలుచగా కోసి, దోమతెర కప్పి, మూడు రోజులు మే ఎండలో పెట్టి, పూర్తిగా చల్లారాక డబ్బాలో పోశాను. ఐదు కిలోల పండ్లకు అరకిలో పైచిలుకు వచ్చింది. అది ఇప్పటికీ నా గదిలో ఉంది, బాగుంది.

తోటంతా ఎండబెట్టమని నేననడం లేదు. కొనేదెవరు అని మా లెక్చరరు గారొకరు అడిగారు, న్యాయమైన ప్రశ్నే. కాని మన ప్రయోగశాలలో ఏటేటా అవే లవణాలు విశ్లేషిస్తున్నాం. ఒక్క వారం మామిడి ముక్కలో తేమ శాతం కొలిస్తే కొంపలేమీ మునగవు. వార్షికోత్సవం వేదిక అలంకరణకయ్యే ఖర్చులో కొంత మిగిల్చి నాలుగు ఎండబెట్టే ట్రేలు కొనమని యూనియన్‌కు నా మనవి. ఈ వాక్యం సంపాదకులు కొట్టేయరని ఆశిస్తాను!

ఇక ఆ ఎండు మామిడితో ఏం చేశానో చెప్పాలి. మా పెద్దనాయిన కూతురు అట్లాంటాలో ఉంటుంది. ఆ జార్జియా రాష్ట్రానికి పీచ్ రాష్ట్రమనే పేరు. పీచ్ అంటే మన ఆడూ పండే. "తమ్మీ, ఇది చూడు" అని ఫోన్‌లో ఒక ఫొటో పంపింది, పీచ్ కాబ్లర్ అట. అడుగున చక్కెర కలిపిన పండు ముక్కలు, పైన వెన్న కలిపిన పిండి ముద్దలు ముద్దలుగా వేసి ఓవెన్‌లో కాలుస్తారు. పూర్వం అక్కడ వలస పోయేవాళ్ళకు ఓవెన్‌లు లేక, మందపాటి ఇనుప పాత్రను నిప్పుల మీద పెట్టి, మూత మీద కూడా నిప్పులు పోసేవారట. తాజా పండు దొరక్కపోతే ఎండు పండే వేసేవారట. ఇదంతా ఖాలాకు చదివి వినిపిస్తే, "అది దమ్ కదా, అందులో కొత్తేముంది" అన్నది.

అయితే చేద్దామన్నాను. రాత్రంతా ఎండు మామిడి నానబెట్టి, ఖుబానీ లాగానే ఆ నీళ్ళతోనే ఉడికించాం. పైన మైదా, వెన్న, పెరుగు, చిటికెడు వంటసోడా కలిపిన ముద్దలు పరిచాం. ఇస్త్రీ బండి అతని దగ్గర నిప్పులు అడిగి తెచ్చి డేక్సా కిందా, మూత మీదా పోశాను. ముప్పావు గంట. మూత తీస్తే ఒక పక్క మాడింది, నడుమ కొంచెం పచ్చిగా ఉంది, అంచుల్లో రసం పొంగి పాకంలా ముదిరింది. మా వీధి పిల్లలు ఆ అంచుల కోసమే కొట్టుకున్నారు.

ఖాలా రెండు చెంచాలు తిని చాలాసేపు ఊరుకుంది. ఖుబానీ అంత లేదన్నది. పులుపు ఎక్కువన్నది. ఇంకో చెంచా వేసుకున్నది. తర్వాత అడిగింది: "ఈ ఎండు మామిడి కిలో ఎంతకిస్తావ్ బేటా? మా చెల్లెలింట్లో డిసెంబర్‌లో పెళ్ళుంది, ఐదు కిలోలు కావాలి."

ధర నాకు తెలియదు. కిందికి దిగి నాయినకు ఫోన్ చేశాను. చాలాసేపు ఏమీ అనలేదు. తర్వాత, "ఐదు కిలోలకు ఎన్ని కాయలు పడతయ్, లెక్క చెప్పు" అన్నాడు.