డాక్టర్ వీడియో కాల్‌లో మాట వినిపిస్తుంది, బొమ్మ మసకబారుతుంది.. ఎందుకు?

పులివెందుల నుంచి కడప రిమ్స్‌కు సుమారు 70 కిలోమీటర్లు. బస్సు చార్జీ, పోయే ఒక రోజు కూలీ, తోడు వచ్చే మనిషి.. చేతి మీద మచ్చ చూపించుకోవాలన్నా ఇంత ఖర్చు. అందుకే లింగాలలోనో వేములలోనో ఉన్న మీవాళ్లకు ఈ-సంజీవని వీడియో కాల్ పెద్ద ఆసరా. సీ-డాక్ మొహాలీ కేంద్రం రూపొందించిన ఈ సేవ ఆంధ్రప్రదేశ్‌లో 2019 నవంబర్‌లో మొదలైంది. ఇంటి నుంచే డాక్టర్‌తో మాట్లాడే వీలు 2020 ఏప్రిల్‌లో వచ్చింది.

అయితే కాల్ మధ్యలో బొమ్మ ఎందుకు మసకబారుతుంది?

కుదించకపోతే కాల్ సాగదు

హెచ్‌డీ వీడియో అంటే కనీసం 1280×720 చుక్కల బొమ్మలు, సెకనుకు 30. కుదించకుండా పంపాలంటే సెకనుకు 330 మెగాబిట్లకు పైగా కావాలి. మామూలు మొబైల్ నెట్‌వర్క్‌లో అంత అప్‌లోడ్ వేగం దొరకదు. అందుకే సాఫ్ట్‌వేర్ రెండు పనులు చేస్తుంది. ముందు బొమ్మకూ ఈ బొమ్మకూ ఉన్న తేడానే పంపుతుంది. కంటికి అంతగా తెలియని సన్నని వివరాలను వదిలేస్తుంది. దాంతో ఒకటి రెండు మెగాబిట్లతోనే పని జరుగుతుంది.

సిగ్నల్ తగ్గితే?

ఎంత డేటా దారిలో పోయింది, ఎంత ఆలస్యమవుతోంది అన్నది అవతలి పరికరం ఎప్పటికప్పుడు చెబుతుంటుంది. దాన్నిబట్టి మీ ఫోన్ పంపే డేటాను తగ్గిస్తుంది. బొమ్మ 640×480కి దిగితే చుక్కలు మూడో వంతే మిగులుతాయి. మాటకు మాత్రం కొన్ని పదుల కిలోబిట్లు చాలు. అందుకే మాట నిలబడుతుంది.

చిక్కు ఇక్కడే

కబుర్లకు ఈ సర్దుబాటు బాగానే ఉంటుంది. కానీ డాక్టర్ చూడాల్సింది మచ్చ అంచు, దద్దురు రంగు, పుండు లోతు. ముందుగా పోయేవి సరిగ్గా ఆ వివరాలే. కాల్ తెగలేదు కాబట్టి డాక్టర్ అంతా చూశారని మనం అనుకుంటాం. అది నిజం కాకపోవచ్చు.

మీరేం చేయాలి?

• స్పీడ్ టెస్ట్‌లో డౌన్‌లోడ్ కాదు, అప్‌లోడ్ అంకె చూడండి. మీ బొమ్మ వెళ్లేది ఆ దారిలోనే.

• కాల్ అయ్యేదాకా అదే వైఫైలో ఇతర వీడియోలు ఆపండి.

• కిటికీకి ఎదురుగా, వెలుతురు మీ మీద పడేలా కూర్చోండి. వెనుక తిరిగే ఫ్యాన్, ఊగే కర్టెన్ లేకుండా చూసుకోండి. కదలిక పెరిగితే పంపాల్సిన డేటా పెరుగుతుంది.

• మచ్చ, పుండు, రిపోర్టు అయితే పగటి వెలుతురులో ఫొటో తీసి అప్‌లోడ్ చేయండి. ఫొటో కాస్త ఆలస్యంగా వెళ్లినా వివరం పోదు.

• ‘మీకు స్పష్టంగా కనిపిస్తోందా సార్?’ అని అడగండి. మొహమాటపడొద్దు.

2020 మార్చి 25న వచ్చిన టెలిమెడిసిన్ మార్గదర్శకాల ప్రకారం, వీడియో చాలదనిపిస్తే నేరుగా రమ్మని చెప్పే నిర్ణయం డాక్టర్‌దే. ఛాతీ నొప్పి, ఊపిరాడకపోవడం లాంటివైతే వీడియో కాల్ కోసం ఆగకండి, 108కి ఫోన్ చేయండి.

టెలిమెడిసిన్ గురించి ప్రభుత్వాలు ఎన్ని కాల్స్ అయ్యాయో చెబుతుంటాయి. వాటిలో ఎన్నింటిలో డాక్టర్‌కు బొమ్మ స్పష్టంగా కనిపించిందన్న లెక్క కూడా కావాలి. పల్లెలో ఉన్న రోగికి అసలు అక్కరకొచ్చేది అదే.